ఒక పళ్లెం మంచు

జూన్ 18

పొద్దున ఐదింటికి 9 డిగ్రీలు. భూమధ్యరేఖకు దక్షిణాన ఈ కొండ మీద చలి జూన్‌లోనే మొదలు.

పత్రిక ఉద్యోగం ముగించుకొని సెమరాంగ్ పట్నం నుంచి తమ్ముడి ఇంటికి వచ్చి ఇవాళ్టికి మూడేళ్లు. వచ్చిన రోజే వాకిట్లో కొయ్యకు థర్మామీటరు వేలాడదీశాను. తమ్ముడు త్రిమన్ అప్పుడు నవ్వాడు. ఇప్పుడు పొలానికి వెళ్తూ నాకంటే ముందు వాడే దాన్ని చూస్తాడు.

నిన్న అన్నాల దగ్గర వాడి కూతురు కినాసిహ్ తల మీద చెయ్యి పెట్టుకొని, “ఇవి తీసేయండి. బడి టోపీ పట్టట్లేదు” అంది. సుపియా చేతిలో గరిటె ఆగిపోయింది. నాలుగేళ్లుగా ఆ తల్లి ఎదురుచూస్తున్న మాట అది.

మూడో ఏట పదకొండు రోజులు జ్వరం వచ్చి తగ్గాక ఆ పిల్ల జుట్టు జటలు కట్టింది. ఇప్పుడు ఐదు. కొత్తది కట్టినప్పుడల్లా జ్వరం. తనంతట తాను అడిగేదాకా కత్తెర పెట్టకూడదు. అడిగాక, దాంతోపాటు ఏం కోరితే అది ఇచ్చి తీరాలి. ఇవ్వకుండా కోస్తే జ్వరమూ జటలూ తిరిగొస్తాయంటారు. ఉద్యోగంలో ఉండగా ఈ తంతు మీద పద్నాలుగు వార్తలు రాశాను. తిరిగొచ్చాయో లేదో మళ్లీ వెళ్లి చూసింది ఒక్కసారి కూడా లేదు.

సాయంత్రం మర్తొయో తాత వచ్చాడు. ఈ చుట్టుపక్కల జటలు తీసేది ఆయనే. కుంపటి దగ్గర కూర్చుని, లవంగాల సిగరెట్టు ఆర్పి, పిల్లను ఒళ్లోకి పిలిచాడు.

“ఏం కావాలి తల్లీ?”

“మంచు.”

“ఏ మంచు?”

“విషమంచు. ఒక పళ్లెం.”

పంటను మాడ్చే ఆ మంచు పడ్డ పోయిన ఆగస్టు నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. త్రిమన్ లేచి బయటికి వెళ్లాడు. మేక అరవలేదు, కుక్క మొరగలేదు, ఐనా చూసొస్తానన్నాడు.

మంచు గురించి ఆ పిల్లకు ఎవరు చెప్పారో తెలియదు. నేను చెప్పలేదు.

జూన్ 20

8 డిగ్రీలు. బంగాళాదుంప మొక్కలు జానెడు లేచాయి. విత్తనం ఆలస్యంగా దొరకడం వల్ల త్రిమన్ ఈ ఏడూ మే చివర్లోనే నాటాడు. అంటే ఆగస్టులో మొక్క సరిగ్గా దుంప ఊరే దశలో ఉంటుంది. పోయినేడూ అంతే.

జూన్ 25

తాత రెండోసారి అడిగాడు. మూడు వేర్వేరు రోజుల్లో అడిగి, మూడుసార్లూ ఒకటే చెబితేనే అది కోరిక.

తాత రాకముందు త్రిమన్ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని బేరం పెట్టాడు. నేను అదే గదిలో ఉన్నాను.

“బుజ్జీ, మేకపిల్ల తెస్తా. తెల్లది.”

“వద్దు.”

“సైకిలు?”

“దాన్ని ఈ మెట్ల ఊళ్లో ఎక్కడ తొక్కను?”

“పోనీ, పిల్లిపిల్ల. పట్నం పిల్లి. బొచ్చుది.”

కినాసిహ్ ఆలోచించింది. త్రిమన్ ముఖం వెలిగింది.

“అది వేరే అడుగుతాలే నాన్నా” అంది.

తాత వచ్చి అడిగితే అదే మాట. ఆయన మోకాలి మీద కొట్టుకొని నవ్వాడు. “నీ అదృష్టం త్రిమన్, మంచుతో సరిపెట్టింది. పై ఊళ్లో ఒకడు పక్కింటాయన మోటార్‌సైకిలే కావాలన్నాడు. కొత్తది కాదు, అదే బండి. వాళ్ల నాన్న మూడు నెలలు పక్కింటాయన కాళ్లావేళ్లా పడ్డాడు.”

“మోటార్‌సైకిలైతే కాళ్లు పట్టుకోవచ్చు తాతా” అన్నాడు త్రిమన్. “దీనికి ఎవరి కాళ్లు పట్టుకోను? అది రావొద్దనే కదా రోజూ మొక్కుతున్నది.”

జూలై 2

మూడోసారి. ఒక పళ్లెం మంచు.

ఇవ్వగలిగిన రోజు కబురు పెట్టమని చెప్పి తాత వెళ్లిపోయాడు. సుపియా మాత్రం బడి తెరిచేలోపు అయిపోవాలంటోంది. పదిహేనో తేదీ సోమవారం బడి, ఆ రోజే జెండా వందనం. పోయిన సంవత్సరమంతా టోపీ చేత్తో పట్టుకొని నిలబడింది కినాసిహ్ ఒక్కతే. పిల్లలు గూడు అని పిలిచేవాళ్లట. పిట్టగూడు.

7 డిగ్రీలు.

జూలై 6

రోడ్డు మలుపులో వర్సితి అక్క కొట్టు దగ్గర త్రిమన్, నేను కాఫీ తాగాం. పులియబెట్టిన సోయా టెంపేతో వేడివేడి బజ్జీలు పెట్టింది. నన్ను ఇప్పటికీ పత్రికాయన అనే పిలుస్తుంది.

“ఏం పత్రికాయనా, మీ పిల్ల మంచు అడిగిందట. ఊరంతా రావొద్దని మొక్కుతుంటే మీ ఇంట్లో మాత్రం రమ్మని మొక్కుతారన్నమాట.”

“మేమూ రావొద్దనే మొక్కుతున్నాం అక్కా” అన్నాడు త్రిమన్.

“మరి పిల్ల జుట్టో?”

“దాని దారి దానిది.”

“ఒక్క ఇంట్లో రెండు మొక్కులంటే దేవుడు మాత్రం ఎవరి మాట వింటాడు? నేనైతే పెళ్లాం మాట వినేవాడి మాటే వింటాను.” నవ్వుకుంటూ వెనక్కి వెళ్లి పెద్ద ఐసు పెట్టె మూత ఎత్తింది. ఐస్‌క్రీము పుల్లలు ఓ పక్క, చేపల సంచులు ఓ పక్క. లోపలి గోడలకు రెండు వేళ్ల మందాన తెల్లగా పేరుకుపోయి ఉంది.

త్రిమన్ దాన్నే చూస్తూ చాలాసేపు కాఫీ తాగలేదు.

దారిలో అడిగాడు. “అన్నా, అదీ మంచే కదా?”

గాలిలోని తేమ చల్లబడి గడ్డకడితే మంచు, పొలంలోదైనా పెట్టెలోదైనా పుట్టుక ఒకటే అని చెప్పాను. ఇది వాస్తవం. పిల్ల కూడా ఒక పళ్లెం మంచు అందే గానీ పొలంలోది అనలేదు. ఇదీ వాస్తవమే.

జూలై 13, శనివారం

6 డిగ్రీలు.

తెల్లవారుజామున వర్సితి కొట్టుకు వెళ్లి ఐసు పెట్టె గోడలు గరిటెతో గీకి స్టీలు పళ్లెం నింపుకొచ్చాను. మూతపెట్టి తడిగుడ్డ చుట్టాను. ఇంటికొచ్చేసరికి కొద్దిగా మాత్రమే కరిగింది.

పసుపు అన్నం శిఖరంలా పోశారు. ఎర్ర జావ, తెల్ల జావ, కాల్చిన కోడి. పదిళ్ల వాళ్లు వచ్చారు. కినాసిహ్ తల మీద తెల్లగుడ్డ కప్పి తాత ఎదురుగా కూర్చోబెట్టారు. పళ్లెం ఆమె ముందు పెట్టాను.

చూసింది. తర్వాత నన్ను చూసింది.

“పెదనాన్నా, నువ్వే తెచ్చావా?”

“నేనే తెచ్చాను.”

“పొలం నుంచా?”

నేను నోరు తెరిచేలోపు త్రిమన్ అందుకున్నాడు. “చీకటితోనే లేచి తెచ్చాడమ్మా.”

వేలు పెట్టి చూసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇదేనా తల్లీ నువ్వడిగింది?” అని తాత అడిగితే తల ఊపింది. ఊపిందనే నాకు అనిపించింది. తెల్లగుడ్డ కదిలింది.

తాత ఒక్కో జటను ఉంగరంలోంచి దూర్చి కోశాడు. ఐదూ గుడ్డలో మూటగట్టి, కొబ్బరిచిప్పలో పెట్టి వాగులో వదిలాం. మిట్టమధ్యాహ్నానికి అందరూ తినేసి వెళ్లారు. పద్నాలుగు వార్తల్లోనూ నేను ఇక్కడే ముగించేవాణ్ని.

జూలై 15

టోపీ పట్టింది.

జూలై 19

5 డిగ్రీలు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

జూలై 24

5. త్రిమన్ కొత్త పైపు తెచ్చాడు. వాగు నుంచి పొలం చివరిదాకా సరిపోతుంది. మంచు పడినా ఎండ తగిలేలోపు నీళ్లు కొట్టి కడిగేస్తే ఆకు బతుకుతుంది. ఎండ ముందు తగిలితే మధ్యాహ్నానికి నల్లబడుతుంది. పోయినేడు ఈ పైపు లేదు, నీళ్లు అందేలోపే ఎండ వచ్చింది.

జూలై 29

కినాసిహ్‌కు జ్వరం. 39.4.

జూలై 30

ఆరోగ్య కేంద్రం నర్సు గొంతు చూసి వాచిందంది. మందులిచ్చింది. చలికాలం, బడిలో ఇంకో ఆరుగురికి ఇదే జ్వరం. పేర్లు అడిగి రాసుకున్నాను. ఆ ఆరుగురికీ ఎప్పుడూ జటలు లేవు.

ఈ మాట సుపియాకు చెప్పాను.

“మంచిది బావగారూ” అంది. తడిగుడ్డ మార్చడం ఆపలేదు.

ఆగస్టు 1

జ్వరం తగ్గింది. 4 డిగ్రీలు.

ఆగస్టు 2

సుపియా తల దువ్వుతుంటే కుడిచెవి వెనక దువ్వెన ఆగింది.

“నూనె తక్కువైంది” అంది సుపియా.

ఆగస్టు 4

రెండు జటలు.

మర్తొయో తాతను పిలిపించారు. తల చూసి, పిల్లను ఆడుకోమని పంపాడు.

“ఏమిచ్చారు దానికి?”

చివరికి సుపియాయే చెప్పింది. “వర్సితి వదిన కొట్లో ఐసు పెట్టెది తాతా. గీకి తెచ్చారు.”

“చేపల పెట్టెదా?”

“ఊఁ.”

కోప్పడతాడనుకున్నాను. సిగరెట్టు వెలిగించుకున్నాడు. “ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. పిల్లలు ఊరికే అడగరు. ఎక్కడో ఎవరో ఆశ పెట్టి ఉంటారు, లేదా ఏదో కళ్లబడి ఉంటుంది. మేకైనా, బాతుగుడ్డైనా. ఇది మంచు ఎక్కడ చూసింది త్రిమన్?”

“చూడలేదు తాతా. పోయినేడు అది పడ్డ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉంది.”

“మరైతే ఎవరో చెప్పారు.”

త్రిమన్ కుంపటిలో బొగ్గులు సర్దాడు. నా వైపు చూడలేదు.

ఆగస్టు 5

సవరణ. జూన్ 18న ‘నేను చెప్పలేదు’ అని రాశాను. అది తప్పు. చెప్పాను.

పోయిన ఆగస్టు 9. ఐదింటికి లేచి చూస్తే పల్లపు పొలాలన్నీ తెల్లగా ఉన్నాయి. త్రిమన్, సుపియా అప్పటికే పరుగెత్తారు. ఇంట్లో నేనూ పిల్లా. దానికి 38.7. కిటికీ పట్టుకొని తానూ వస్తానని ఏడుస్తోంది. ఊరుకోబెట్టడానికి అన్నాను. “ఏడవకు. పళ్లెం నిండా నేను తెచ్చి చూపిస్తా. చక్కెర పోసినట్టుంటుంది.” స్టీలు పళ్లెం దానికి చూపించి మరీ తీసుకెళ్లాను.

పళ్లెం నింపాను కూడా. గట్టు ఎక్కుతుంటే పట్నం నుంచి మంచు చూడ్డానికి వచ్చిన కార్లు ఆగాయి. ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్లలో నా పాత పత్రిక కుర్రాడొకడు నన్ను గుర్తుపట్టాడు. ఎన్ని ఎకరాలు, ఎన్ని మొక్కలు, ఎన్నేళ్లలో ఇంత పడింది అని అడిగాడు. చెప్పాను. వివరాలు నాకన్నా బాగా ఎవరు చెబుతారు? త్రిమన్ నా వెనక పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వాడి పొలంలో తొమ్మిది వేల మొక్కలని నేనే చెప్పాను. వాణ్ని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు వాడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏడింటికి ఇల్లు చేరాను. పళ్లెంలో నీళ్లు. గుమ్మం పక్కన పారబోశాను. పిల్ల కళ్లు మూసుకొని ఉంది.

నిద్రపోతోంది అనుకున్నాను.

ఆగస్టు 8

4.

ఆగస్టు 10

3. గాలి లేదు.

ఆగస్టు 12

3. కినాసిహ్ టోపీ బిగువైంది. సుపియా వెనక కుట్లు విప్పి రెండు వేళ్లు వదులు చేసింది.

ఆగస్టు 13

త్రిమన్ రాత్రిళ్లు బూట్లు తలాపున పెట్టుకొని పడుకుంటున్నాడు. నేను పళ్లెం పెట్టుకుంటున్నాను. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

పొలంలో మొక్కలు బాగున్నాయి. ఒకటి పీకి చూపించాడు. వేళ్లకు గోలీలంత దుంపలు. ఇంకో నలభై రోజులు కావాలి. వాడికి మంచు పడకూడదు. నాకు పడాలి. ఒకే థర్మామీటరు ముందు ఇద్దరం నిలబడుతున్నాం.

ఆగస్టు 15

1 డిగ్రీ. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాలుగున్నరకు త్రిమన్ నా భుజం తట్టాడు. “అన్నా, లే. వచ్చింది.”

సుపియా ఇళ్లిళ్లూ తలుపులు కొట్టుకుంటూ వెళ్లింది. లుంగీలు భుజాల మీదుగా కప్పుకొని పద్దెనిమిది మంది దాకా వచ్చారు. వర్సితి అక్క కొట్టు మూసి బకెట్టుతో వచ్చింది. పొలమంతా తెల్లగా ఉంది. అడుగేస్తే కరకరమంటోంది. కొండ మీదుగా ఎండ రావడానికి ఆరుం పావు అవుతుంది. వాగులో మోటారు పెట్టి త్రిమన్ పై నుంచి నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. పైపు అందని చోట మేం బకెట్లతో పోశాం. చేతులకు స్పర్శ పోయింది.

“త్రిమన్, ఇటు పక్క వదిలేశావ్” అని ఎవరో అరిచారు.

“వదల్లేదు. అటు చివరికి వస్తున్నా.”

“తొందరగా కానీ. ఎండ నీ పెళ్లికి చుట్టాలొచ్చినట్టు ఆలస్యంగా రాదు.”

“వాడి పెళ్లికి ఆలస్యంగా వచ్చింది నువ్వే కదరా. అన్నం అయిపోయాక వచ్చి ఏడ్చావ్” అంది వర్సితి.

నవ్వుతూనే పోస్తున్నారు. పళ్లెం నా కోటు లోపల ఉంది. త్రిమన్‌ను ఎలా అడగాలో తెలియడం లేదు. ఒక్క నిమిషం వదిలి వెళ్లినా ఒక బకెట్టు తగ్గుతుంది. ఆరు దాటింది. కొండ అంచు ఎర్రబడింది. ఇంకా వాగు పక్క చివరి సాళ్లు మిగిలాయి. చలి ఎక్కువ పట్టేది అక్కడే.

త్రిమన్ ఆ సాళ్ల దగ్గరికి వచ్చి పైపు మడిచి పట్టుకున్నాడు. నీళ్లు ఆగాయి.

“ఈ నాలుగూ వదిలేశా. తీసుకో.”

“ఒక్క పళ్లేనికి నాలుగు సాళ్లెందుకురా?”

“ఒక పళ్లేనికి ఎన్ని మొక్కలు కావాలో నాకేం తెలుసు? తీసుకొని పో.” పైపు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “అన్నా. దారిలో ఎవరితోనూ మాట్లాడకు.”

పోయినసారి పళ్లెం ఎలా నీళ్లయిందో ఏడాదిగా వాడికి తెలుసు.

ఆకుల మీది మంచును అరచేత్తో పళ్లెంలోకి దులిపాను. సాలు వెంట సాలు. నిండింది. గట్టు ఎక్కేసరికి రోడ్డు మీద రెండు కార్లు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన కెమెరా దించి ఎదురొచ్చాడు. “సార్, మీది ఈ ఊరేనా? ఇది ఎన్నేళ్లకోసారి పడుతుంది సార్? ఒక్క నిమిషం.” సమాధానం నాకు తెలుసు. తేదీలతో సహా తెలుసు. పక్కనుంచి నడిచి వెళ్లిపోయాను. “చెవుడేమో పాపం” అన్నది ఆయన వెంట ఉన్నావిడ.

కినాసిహ్ దుప్పటి కప్పుకొని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఒళ్లో పెట్టాను.

“నోట్లో పెట్టుకోకు. మందు కొట్టిన ఆకుల మీది.”

తల ఊపింది. ఈసారి స్పష్టంగా చూశాను. వేలితో గీత గీసింది. గీత కింద స్టీలు కనబడింది.

“చక్కెరలా లేదు.”

“లేదు. తప్పు చెప్పాను.”

“పోయినసారి నీళ్లు తెచ్చావు. పారబోశావు.”

“అవును.”

“నేను చూశా.” గీత పక్కన ఇంకో గీత గీసింది. “పొలమంతా ఇలాగే ఉందా?”

“అంతా.”

“నాన్న అన్ని రోజులు మాట్లాడనిది దీనికేనా?”

“దీనికే.”

“ఇంత మెత్తగా ఉంది” అంది. పళ్లెం అంచులు రెండు చేతులతో పట్టుకొని, అదంతా నీళ్లయ్యేదాకా వదల్లేదు. ఆ నీళ్లు నేను తీసుకోబోతే ఇవ్వలేదు. తానే లేచి గుమ్మం పక్కన, పోయినసారి నేను పోసిన చోటే, పోసింది.

ఆగస్టు 16

వదిలేసిన నాలుగు సాళ్లూ నల్లబడ్డాయి. మిగతా పొలం పచ్చగా ఉంది. ఇంకో పొలంలో సగం పోయింది, అది మనది కాదు.

ఆగస్టు 18

మర్తొయో తాత వచ్చి రెండు జటలూ తీశాడు. అన్నం శిఖరం లేదు, చుట్టాలు లేరు. నిన్న ఆగస్టు పదిహేడు, స్వాతంత్ర్య దినం. ఆ జెండా పండుగ గోనెసంచి పందెంలో కినాసిహ్ మోకాలు గీరుకుపోయింది. జుట్టు కంటే ఆ మోకాలి గురించే ఎక్కువ ఏడ్చింది. తాత పోతూ నాతో అన్నాడు. “ఇది పత్రికకు రాయొచ్చు కదయ్యా.”

“తిరిగొస్తాయో లేదో తెలియకుండా రాయను” అన్నాను.

ఆగస్టు 30

6 డిగ్రీలు. జ్వరం లేదు.

సెప్టెంబరు 7

7. దువ్వెన ఎక్కడా ఆగలేదు. నర్సు ఇచ్చిన మందులు కూడా పూర్తిగా వాడాం. రెండు విషయాలూ రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు 15

త్రిమన్ ఆ నాలుగు సాళ్లు తవ్వాడు. అన్నీ గోలీకాయలే, మార్కెట్టుకు పనికిరావు. సుపియా తొక్కతోనే ఉడికించి ఉప్పూ మిరపకాయా నూరి పెట్టింది. మొక్కజొన్న అన్నంతో తిన్నాం.

కినాసిహ్ ఒకటి వేళ్ల మధ్య పట్టుకొని అడిగింది. “ఇవెందుకింత చిన్నగా ఉన్నాయి నాన్నా?”

సుపియా నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను.

త్రిమన్ నమిలింది మింగాడు. “విషమంచు పడిందిగా అమ్మా వీటి మీద” అన్నాడు. “పడితే ఆకు మాడుద్ది. ఆకు మాడితే దుంప పెరగదు. పోయినేడు మొత్తానికి పడింది. తొమ్మిది వేల మొక్కలు. పొద్దున్నే చూసేసరికి నాకు కాళ్లాడలేదు.”

వాడు చెబుతూనే ఉన్నాడు. నేను మధ్యలో ఒక్క వివరం కూడా అందించలేదు.